చేమిరి డబ్బా

జీవం అంటే ఏమిటన్న పాఠం మొదలుపెట్టినప్పుడల్లా నా ఒళ్లో ఒక స్టీలు డబ్బా చల్లదనం తెలుస్తుంది.

రెండువేల ఆరులోనో ఏడులోనో, సౌదీలో ఖోబర్ నుంచి హఫర్ అల్ బాతిన్ వెళ్లే బస్సు. చెక్‌పోస్టులో పోలీసులకు ఇకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు, తీసి చూపించడానికి, పక్క సీటాయన ఆ డబ్బా నా ఒళ్లో పెట్టాడు.

"జర పట్టుకో అన్నా, ఒలకనియ్యకు. పెరుగు చేమిరి."

"పెరుగు దుకాణాల్లో దొరుకుతుందిగా?"

"దొరుకుతది. ఇది మా రూమ్ల అన్న ఇంటికాడి నుంచి తెచ్చిండు. ఆయన పనికాడ కిందవడి సచ్చిపోయిండు. ఆయన చేమిరితోనే రోజూ పాలు తోడేస్తున్నం. మొన్న ఫ్రిజ్ ఖరాబై అంతా పాడైంది. ఖోబర్ పక్కన అజీజియాల మా దోస్తులకు ఇంత ఇచ్చి ఉంటిమి, వాళ్లకాడి నుంచి మల్ల తెస్తున్న."

ఆ రోజుల్లో ఏం విన్నా నాలో చలనం ఉండేది కాదు. బడిలో జీవశాస్త్రం చెబుతానని మాత్రం అన్నాను.

"అట్లనా సార్? అయితె ఇది ఇంకా ఆయన పెరుగేనా?"

"ఆయన తెచ్చిన బాక్టీరియాలో ఇప్పుడు ఒక్కటీ ఉండదు," అన్నాను పాఠం ఒప్పజెప్పినట్టు. "ఇవన్నీ వాటి పిల్లల పిల్లలు."

ఆయన డబ్బా తీసుకుని, మూత ఇంకాస్త బిగించి, ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆయనకు పిల్లలు లేకుండె సార్," అన్నాడు.