ఆయమ్మ గోంగూర కట్ట

మా భట్టిప్రోలు అంగన్‌వాడీ ఆయమ్మ చేతులు ఊరికే ఉండగా నేను చూడలేదు. ఎప్పుడూ గోంగూర ఒలుస్తూనే ఉండేది. నా ఆటో ఎక్కినా అంతే, కాడలన్నీ నా సీటు కిందే.

ఒకరోజు తల్లిలేని ఎనిమిదేళ్ల పిల్లని తీసుకుని ఎక్కింది. పిల్ల చేతి మీద మారుతండ్రి పెట్టిన వాతలు. అంతకుముందే తెనాలి నుంచి పిల్లల ఆఫీసువాళ్లు వచ్చి, ఆయనకి బుద్ధి చెప్పి, పిల్లని మళ్లీ ఆయనకే అప్పజెప్పి వెళ్లారు. వాతలు ఆ తర్వాతవి.

తెనాలి వెళితే, "మీది బాపట్ల జిల్లా, అక్కడికెళ్లండి" అన్నారు. బాపట్ల వెళితే, "మొదట కేసు రాసుకుంది తెనాలివాళ్లు కదా" అన్నారు. ఇక పిల్ల ఆ ఇంటికేనని నాలుగో తరగతి ఫెయిలైన నాకే అర్థమైపోయింది.

ఆయమ్మ ఆ బాపట్ల ఆఫీసు సార్ బల్ల ముందే చతికిలబడి గోంగూర కట్ట విప్పింది.

"ఏంటమ్మా ఇది?"

"రాత్రి కూరకండి. పిల్లా నేనూ ఇక్కడే ఉంటాం కదండి. పొయ్యి ఎక్కడ పెట్టుకోమంటారు?"

కట్ట సగం అవకముందే సార్‌కి పెన్ను దొరికింది. సాయంత్రానికల్లా పిల్లని హోంలో చేర్చుకున్నారు.

మొన్న ఆయమ్మని ఆ పిల్ల దగ్గరికి తీసుకెళ్లాను. వాతలు మానాయి, బుగ్గలొచ్చాయి. "నువ్వుండు ఆయమ్మా, నేను ఒలుస్తా" అని కట్ట లాక్కుంది.

తిరిగొచ్చేటప్పుడు ఆయమ్మ చేతులు ఒళ్లో ఊరికే ఉన్నాయి. నా ఆటోలో ఒక్క కాడ పడలేదు.