బ్రేకు మాస్టారి తల్లి నేర్చిన మాటలు

ఆయనకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని ఎవరూ వాడరు. అందరికీ ఆయన బ్రేకు మాస్టారు. కారు నడపడం నేర్పే బడి ఆయనది. బడి అంటే పెద్దగా ఊహించుకోకండి. టైర్ల దుకాణం పక్కన ఒక గది, గోడ మీద రోడ్డు గుర్తుల బొమ్మలు, గది ముందు నెత్తిన పసుపు బోర్డు మోస్తూ ఒక ముసలి కారు. అంతే. ఆ కారులో నేర్చుకునేవాళ్ళ కాళ్ళ దగ్గర ఒక బ్రేకు, పక్క సీట్లో మాస్టారి కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటాయి. ఇలాంటి బడులన్నిటిలోనూ ఉండేదే. మిగతా చోట్ల నేర్పేవాళ్ళు ప్రమాదం ముంచుకొస్తే దాన్ని తొక్కుతారు. మన మాస్టారు పాఠం చెప్పడానికి తొక్కుతాడు.

గేరు సరిగా పడలేదా, తొక్కుడు. అద్దంలో చూడకుండా మలుపు తిరిగారా, తొక్కుడు. బండి నడిరోడ్డు మీద కుదుపుతో ఆగేది. వెనక లారీవాళ్ళు హారన్లతో చెవులకి చిల్లులు పొడిచేవాళ్ళు. మాస్టారు మాత్రం చేతులు కట్టుకుని, "ఎందుకాపాను?" అని అడిగేవాడు. సరైన జవాబు వచ్చేదాకా బండి కదలదు. కన్నీళ్ళు పెట్టుకున్నా కదలదు. మొదటి వారం ఏడవని శిష్యుడు లేడు, చివరికి పరీక్ష తప్పిన శిష్యుడూ లేడు. ఈ రెండో సంగతి ఆయన బోర్డు మీద కూడా రాయించుకున్నాడు.

బ్యాంకులో పనిచేసే ఒకావిడ ఆయన దగ్గర నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, కొత్త కారు కూడా కొనుక్కుంది. ఇప్పటికీ పక్క సీట్లో మనిషి లేకపోతే ఆవిడ బండి గేటు దాటదు. పక్కన ఎవరైనా కూర్చుని తప్పు పడితే తప్ప ఆవిడకి నడపడం చేతకాదు. ఒకసారి బజారులో కనబడి ఈ మాట మొర పెట్టుకుంటే మాస్టారు పొంగిపోయాడు. "చూశారా మరి! నా పాఠం ఎంత లోతుగా దిగిందో!" అన్నాడు.

ఇక ఆయన తల్లి. ఒకప్పుడు సినిమా హాల్లో టికెట్లు ఇచ్చేది. చెయ్యి మాత్రమే పట్టే చిన్న కంత వెనక కూర్చుని, ముఖం కనిపించకుండా, నోటితోనే జనాన్ని వరసలో నిలబెట్టిన మనిషి. "ఏం నాయనా, చిల్లర ఇంట్లో నిద్రపోతోందా?" "ఆ తోసేవాడెవడు? నీ పెళ్ళేం కాదిక్కడ, మెల్లగా రా!" ఆవిడ చేత నాలుగు చీవాట్లు తినకపోతే సినిమా చూసినట్టే ఉండదని వచ్చేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. ఇంట్లోనూ అదే నోరు. కొడుకు తల నెరిసినా, అతని దగ్గర నేర్చుకున్నవాళ్ళ పిల్లలు కార్లు తోలుతున్నా, ఆవిడకి అతను "చిన్నోడా"నే.

ఆ నోట్లోంచి మాటలు రాలిపోవడం మొదలైంది. ముందు వస్తువుల పేర్లు పోయాయి. చెంచాని "ఆ గుంటది" అంది, తలుపుని "ఆ మూసేది" అంది. తరవాత మనుషుల పేర్లు పోయాయి. ఒకరోజు కొడుకు ఎదురుగా నిలబడితే, ఏదో వెతుక్కుంటున్నట్టు అతని ముఖమంతా చూసి, ఏమీ పిలవకుండానే తల తిప్పుకుంది. మాస్టారు ఆ రోజు బడికి వెళ్ళి ఎవరినీ తిట్టలేదు. శిష్యులు బెదిరిపోయారు.

వేరే ఊళ్ళో ఉన్న అక్క ఫోను చేసింది. "అమ్మని నేను తీసుకొచ్చేసుకుంటానురా. మా వీధిలో ఇలాంటివాళ్ళని చూసుకునే చోటు ఉంది, రోజూ వెళ్ళి వస్తాను. నీకా తీరికా లేదు, ఓపికా లేదు."

"అమ్మకేం కాలేదు. మాట కాస్త మందగించింది, అంతే."

"సరే, నెలాఖరుకి వస్తాను. నోట్లో మాట ఉంటే నీ దగ్గరే ఉంచుకో. లేకపోతే నాతో బయల్దేరదీస్తా. మళ్ళీ గొడవ పడకూడదు."

మాస్టారు ఒప్పుకున్నాడు. తల్లి ఎక్కడో పరాయి గదిలో ఉండగా ఏదో ఒక పూట "చిన్నోడా" అన్న ఆ పిలుపు ఆవిడ నోటికి తిరిగి వస్తుందనీ, వినడానికి తను అక్కడ ఉండడనీ ఆయన భయం. ఈ భయం పెళ్ళానికి కూడా చెప్పుకోలేదు. ఆయన ప్రేమ నిజమైనదే. దాన్ని కాదనను. ఆ ప్రేమ చేతికి ఏ పనిముట్టు దొరికిందన్నదే ఈ కథంతా.

డాక్టరు చెప్పిన మాట ఒకటి ఆయన మనసులో నాటుకుపోయింది. పాత మాటలు ఎటూ జారిపోతుంటాయి, ఏవైనా చదివి వినిపిస్తూ కొత్త మాటలు నేర్పుతుండండి, మెదడుకి పని ఉంటుంది అన్నాడు డాక్టరు. ఇంట్లో ఉన్నది ఒకే ఒక పుస్తకం. సైన్యంలో చేసి దిగిపోయిన ఒక పెద్దమనిషి, లైసెన్సు వచ్చిన సంబరంలో తన అన్నగారు రాసిన పుస్తకం కానుకగా ఇచ్చివెళ్ళాడు. ఆ అన్నగారు యుద్ధంలో పట్టుబడి, శత్రువుల దగ్గర చాలాకాలం బందీగా ఉండి, బతికి బయటపడి తన అనుభవాలు రాసుకున్నాడు. పుస్తకం చివర కష్టమైన మాటలన్నిటికీ అర్థాలు కూడా ఇచ్చాడు.

చిన్నప్పుడు చదువు మానేశాక మాస్టారు పుస్తకం పట్టింది అదే మొదలు. పట్టాక వదల్లేదు. శిబిరం, పహరా, ముట్టడి, కందకం, లొంగుబాటు... ఈ మాటలు ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నాయని ఆశ్చర్యపోయాడు. మర్నాటి నుంచి కారులోనూ అవే. "క్లచ్చుని అలా ముట్టడిస్తావేం?" అనేవాడు. "అద్దం మీద పహరా ఉండాలి, పహరా!" శిష్యులు పెదాలు బిగించి, దిగాక టైర్ల దుకాణం చాటున విరగబడి నవ్వుకునేవాళ్ళు.

ఇంట్లో నవ్వేవాళ్ళు లేరు. భార్య జావ గిన్నె తెచ్చి అత్తగారి ముందు పెట్టగానే మాస్టారు దాన్ని తన వైపు లాక్కున్నాడు.

"అమ్మా, శిబిరం. అను. శిబిరం. ఖైదీల్ని ఉంచే చోటు."

ఆవిడ గిన్నె వైపు చెయ్యి చాపింది. ఆయన ఇంకాస్త వెనక్కి జరిపాడు. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ చాపింది. మళ్ళీ జరిపాడు. జావ చల్లారి పైన తెట్టు కట్టింది. చివరికి ఆవిడ పెదాలు వణికి, "శి... బిరం" అంది. మాస్టారు కుర్చీలోంచి ఎగిరి గంతేసినంత పని చేసి, గబగబా రెండు చెంచాలు నోట్లో పెట్టాడు.

"వచ్చింది! చూశావా, వచ్చింది!"

"ఆవిడకి ఆకలేసిందండీ," అంది భార్య.

"ఆకలేస్తేనే కదా వచ్చింది!"

అలా మొదలైంది. పూటకో మాట. మాట వస్తే తిండి, అర్థం కూడా చెబితే ఇంకాస్త తిండి. రాకపోతే, "ఎందుకాపాను? ఆలోచించమ్మా, ఎందుకాపాను?" భార్య రెండు మూడుసార్లు వంటింట్లోకి పిలిచి దొంగచాటుగా పెట్టింది. అది కనిపెట్టి మాస్టారు ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. కడుపు నిండితే పాఠం ఎవరికి కావాలన్నాడు. అప్పటినుంచి మూడు పూటలా తనే ఇంటికి వచ్చి గిన్నె దగ్గర కూర్చున్నాడు. తల్లి జాకెట్టు చేతులు వదులయ్యాయి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. మాటలు మాత్రం వస్తున్నాయి. ఆయన లెక్కలో అది గెలుపే.

ఒక మధ్యాహ్నం పుస్తకంలో ఒక అధ్యాయం ఆయన్ని కదిలించేసింది. శిబిరంలో ఒక కాపలావాడు. ఖైదీలు ఆకలితో చేతులు పైకెత్తి నిలబడాలి. వాడు రొట్టె ముక్క అందకుండా పట్టుకుని, తన భాషలో మాటలు చెప్పిస్తాడు. తప్పు చెప్పినవాడికి ఆ పూట పస్తే. ఒప్పు చెప్పినవాడు "చిత్తం అయ్యా" అని నోరు తెరవాలి, వాడు ముక్క నోట్లో పడేస్తాడు. మాస్టారు తల్లి పక్కన కూర్చుని, ఒక చేత్తో గిన్నె పట్టుకునే ఇదంతా పైకి చదివాడు.

"ఎంత కిరాతకుడో చూడు! ఆకలిగొన్నవాడి నోటి ముందు రొట్టె ఆడిస్తాడా? వీణ్ణి కన్నది మనిషేనా?" అన్నాడు భార్యతో.

భార్య ఆయన ముఖం చూసింది, చేతిలో గిన్నె చూసింది. ఆయన కళ్ళు తుడుచుకుని అదే పేజీ మళ్ళీ మొదటినుంచి చదివాడు. తల్లి చాలా శ్రద్ధగా వింది.

మర్నాడు ఆయన గిన్నెతో గదిలోకి రాగానే ఆవిడ రెండు చేతులూ పైకెత్తింది. అడిగిన మాట చెప్పింది. చెప్పి, "చిత్తం అయ్యా" అని నోరు తెరిచింది.

మాస్టారికి ఒళ్ళు పులకరించింది. "ఇది నేను నేర్పలేదే! వినే నేర్చేసుకుంది! తనంతట తనే!"

"ఆవిడ నేర్చుకోలేదండీ," అంది భార్య. "మిమ్మల్ని గుర్తుపట్టింది."

"నోర్ముయ్!" అన్నాడు. ఆ పూట పుస్తకం తెరవలేదు. కానీ నెలాఖరు దగ్గర పడుతోంది, అక్క వచ్చేస్తోంది. పరీక్ష ముందు పాఠం ఆపడం ఆయన జన్మలో ఎరగడు.

అక్క వచ్చింది. తల్లిని చూస్తూనే, "ఇదేమిటి, ఇలా చిక్కిపోయింది?" అని ఏడుపు గొంతు పెట్టింది.

"ముందు మాట్లాడించు, తరవాత ఏడు," అన్నాడు మాస్టారు. "అమ్మా, పహరా అంటే?"

"కాపలా," అంది ముసలావిడ.

"కందకం?"

"దాక్కునే గొయ్యి."

"లొంగుబాటు?"

"ఇంక చేతకాక... చేతులెత్తడం."

అక్క నోరు వెళ్ళబెట్టింది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. "ఒరేయ్, నాకే తెలియవురా ఇవన్నీ! పోయినసారి నీళ్ళని కూడా నీళ్ళు అనలేకపోయిందే!" అని, తనే జావ గిన్నె అందుకుని దగ్గరికి వెళ్ళింది. తల్లి రెండు చేతులూ పైకెత్తింది. "నన్ను ఎత్తుకోమంటోందిరా, పిచ్చితల్లి," అని అక్క గిన్నె కింద పెట్టి ఆవిడని గుండెకు హత్తుకుంది. ఆవిడ కూతురి భుజం మీదుగా గిన్నెనే చూస్తూ "చిత్తం అయ్యా, చిత్తం అయ్యా" అంది.

"అబ్బో, మర్యాద కూడా వచ్చిందే మా అమ్మకి!" అని నవ్వేసింది అక్క.

"వదినా, మీరు ఇంకో రెండు రోజులు ఉండండి. కాస్త దగ్గరుండి చూడండి," అంది మాస్టారి భార్య, గుమ్మం పట్టుకుని.

"ఇంకా చూసేదేముందమ్మా? మీ ఆయన చేసింది నా వల్ల అయ్యేది కాదు." అక్క సంచి తీసుకుంది. మెట్లు దిగుతూ తమ్ముడి తల నిమిరింది. "నీకు ఐదేళ్ళు నిండేదాకా మాటే రాలేదురా, గుర్తుందో లేదో. అందరూ మూగవాడే అన్నారు. అమ్మ ఒక్కరోజు కూడా నిన్ను మాట అడగలేదు. నువ్వు నోరు తెరవకముందే ముద్ద పెట్టేసేది. అడిగితే పిల్లాడు బెదిరిపోతాడనేది. చివరికి నీ అంతట నువ్వే అమ్మా అన్నావు."

ఆటో వెళ్ళిపోయింది. గెలిచిన మాస్టారు మెట్ల మీద అలాగే నిలబడిపోయాడు. ఆయన్ని చూస్తే జాలి పడాలో, ఆ చెంప ఈ చెంప వాయించాలో తెలియదు.

లోపలికి వచ్చి జావ వేడి చేయించాడు. తల్లి ఎదురుగా కూర్చుని, గిన్నె ఆవిడకి అందేలా దగ్గరగా పెట్టాడు. ఆవిడ చేతులు లేచాయి.

"వద్దమ్మా. దించు. ఇవాళ ఏమీ అడగను. తిను."

చెంచా పెదాలకి తగిలించాడు. ఆవిడ నోరు బిగించేసింది. చేతులు పట్టుకుని కిందికి దించాడు. వదలగానే మళ్ళీ లేచాయి. భార్య వచ్చి బతిమాలింది. ఆవిడ భార్య వైపు చూడలేదు, కొడుకు ముఖం వైపే చూస్తోంది. అడగలేదంటే ఈ పూట పస్తే అన్న బెదురు ఆ కళ్ళలో కనబడుతోంది. ఆయన గిన్నె ఆవిడ ఒళ్ళో పెట్టి, తలుపు చాటుకి వెళ్ళి తొంగిచూశాడు. కడుపులో ఆకలి, ఒళ్ళో తిండి, పైకెత్తిన చేతులు. ఒక్క చుక్క ముట్టలేదు.

"అడగండి," అంది భార్య వెనకనుంచి. "మీరు అడక్కపోతే ఆవిడ చచ్చిపోతుంది."

ఆయన వెళ్ళి కూర్చున్నాడు. ఒళ్ళోంచి గిన్నె తీసుకున్నాడు. అలవాటైనంత దూరానికి, ఆవిడకి అందనంత దూరానికి జరిపాడు.

"శిబిరం అంటే?" అన్నాడు.

ఆవిడ ముఖం తేటపడింది. "మనల్ని ఉంచే చోటు," అంది. "చిత్తం అయ్యా," అని నోరు తెరిచింది.

ఆయన చెంచా ముంచి నోట్లో పెట్టాడు. రెండో చెంచాకి మళ్ళీ అడగాల్సి వచ్చింది.