డిస్కార్డ్ నొక్కాక

ఉస్మాన్‌గంజ్‌లోని మిర్చి దుకాణం నుంచి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చిన మా బాపు గడపలోనే రక్తం కక్కుకున్నాడు. దబీర్‌పురా నుంచి ఆటోలో పురానాపూల్ దగ్గరి ఆస్పత్రికి చేర్చేసరికి మనిషి సున్నంలా పాలిపోయాడు. కడుపులో పుండు పగిలిందనీ, వెంటనే రక్తం ఎక్కించాలనీ డాక్టర్ చెప్పాడు. బాపుది అరుదైన గ్రూపు. బ్లడ్‌బ్యాంకులో ఒక్క ప్యాకెట్టే ఉంది. పరీక్ష చేస్తే సరిపోయింది.

దాన్ని తేవడానికి కిందికి పరుగెత్తాను. అక్కడ రెండు డ్యూటీలు వరసగా చేస్తున్న టెక్నీషియన్ మౌస్ నొక్కి, అలాగే బిగుసుకుపోయింది.

“అక్కా, ఇష్యూ ఒత్తబోయి డిస్కార్డ్ ఒత్తిన.”

తెర మీద ఇచ్చేందుకొకటి, పారేసేందుకొకటి, ఆ రెండు బటన్లూ పక్కపక్కనే, ఒకే రంగులో ఉన్నాయి. నిజంగా పారేయాలా అని కంప్యూటర్ ఒక్కసారైనా అడగలేదు. రక్తం పారేసినట్టు నమోదైపోయింది. ఇక లేబుల్ రాదు, లేబుల్ లేనిదే వార్డులో ముట్టుకోరు. మార్చాలంటే ఇన్‌ఛార్జి పాస్‌వర్డ్ కావాలి. ఆయన ఫోన్ ఎత్తడం లేదు.

కంప్యూటర్లలో ఇలాంటి తెరలు రూపొందించడమే నా ఉద్యోగం. అయినా కీబోర్డు లాక్కుని నేను నొక్కినవేవీ పనిచేయలేదు. ఎదురుగా అద్దాల ఫ్రిజ్‌లో ప్యాకెట్ కనిపిస్తూనే ఉంది. బాపు పిలిస్తే పలకడం లేదని పైనుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. టెక్నీషియన్ చేతులు పట్టుకుని ఏడ్చాను.

చివరికి ఆమే డాక్టర్‌కు ఫోన్ చేసింది. “సార్, మీరు కిందికొచ్చి సంతకం పెడితే ఇచ్చేస్త. నౌక్రీ పోతె పోనీ.”

ఆయన వచ్చాడు. ఇద్దరూ ప్యాకెట్ మీది నంబరూ గ్రూపూ సరిచూసి, లేబుల్ చేత్తో రాసి ఇచ్చారు.

బాపు బతికాడు. కానీ ఆ ఆలస్యానికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఇప్పటికీ డయాలసిస్‌కు తిప్పుతున్నాం.

ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆస్పత్రి మేనేజర్ దగ్గరికి వెళ్లి, ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అలసిపోతే వేలు తప్పుతుందనీ, బటన్లు దూరంగా పెట్టించి, తప్పు దిద్దుకునే దారి ఉంచమనీ ప్రాధేయపడ్డాను.

“ఈసారి జాగ్రత్తగల్ల మనిషిని పెట్టుకుంటం, మేడం,” అన్నాడాయన.

బయటికొచ్చి ఆమెకు ఫోన్ చేశాను. తప్పు నీది కాదన్నాను.

“ఒత్తింది నేనే కద, అక్కా.”

ఎంత చెప్పినా ఒప్పుకోలేదు.