పత్తి గదిలో మంగళ హారతి

మా ఇంట్లో పత్తి ఉన్నన్నాళ్ళూ నాకు స్టూడియో ఉన్నట్టే. రేటు పెరిగాక అమ్ముదామని మా నాన్న పత్తినంతా మధ్య గదిలో నడుమెత్తు పోయిస్తాడు. అందులో మాట్లాడితే గొంతు గోడకు తగిలి తిరిగి రాదు. సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే పాటలు చేసుకునే నాబోటివాడికి ఇంకేం కావాలి? పీట మీద ల్యాప్‌టాప్, దూలానికి వేలాడే మైకు. నాన్న దృష్టిలో మాత్రం నేను చెవులకు డిప్పలు తగిలించుకుని పత్తి మీద దొర్లే పనిలేనివాణ్ణి.

అమ్మ మంగళ హారతి పాడితేనే ఒకప్పుడు మా చుట్టాల్లో ఏ వేడుకైనా నిండేది. ఇప్పుడందరూ ఫోనులో పాట పెట్టేస్తున్నారు. కిందటి పెళ్ళిలో అమ్మ నోరు తెరిచేలోపే ఎవరో ఫోను నొక్కారు. అమ్మ భోజనం చేయకుండానే వచ్చేసింది. విస్సన్నపేటలో పిన్ని మనవరాలికి ఓణీల ఫంక్షనని పిలుపు వస్తే, "నేనెందుకు, వాళ్ళకి ఫోనుందిగా" అంది. నాకు ఒళ్ళు మండింది. ఫోనే కావాలంటే నిన్నే అందులో పెడతాను, పదమన్నాను.

పత్తి గదిలో మైకు ముందు నిలబెడితే రెండో చరణం దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టినా అక్కడే ఆగింది.

"చేతిలో పళ్ళెం లేకుండా పాటెలా వస్తుందిరా?"

పళ్ళెం ఇచ్చాను. వెలుగు లేదంది. పత్తి మధ్యలో కర్పూరమా! ఫోనులో టార్చి వేసి పళ్ళెంలో పెట్టాను. నీ తెలివి తెల్లారినట్టే ఉందని తిడుతూనే అందుకుంది. పాట మంచి ఊపులో ఉండగా పిన్ని ఫోను చేసింది. అమ్మ చేతిలో పళ్ళెం మోగింది.

నేను బయటికెళ్ళి మాట్లాడి వచ్చేసరికి అమ్మ ఎంచక్కా కర్పూరం వెలిగించేసింది. రికార్డింగు నడుస్తూనే ఉంది. ఆ గొంతు చిన్నప్పటి నుంచీ విన్నదే అయినా అంత బాగా ఎప్పుడూ వినలేదు. ఆపాల్సినవాణ్ణి నోరు తెరుచుకుని నిలబడిపోయాను. అప్పుడే పొలం నుంచి వచ్చిన నాన్న గుమ్మంలోంచి మంట చూశాడు. అమ్మ చివరి మంగళం అందుకోవడం, నాన్న "ఆర్పవే!" అని ఊరు దద్దరిల్లేలా అరవడం ఒకేసారి జరిగాయి. ఒక్క పోగు కూడా అంటుకోలేదు గానీ, నాన్న మాత్రం సాయంత్రం దాకా మండుతూనే ఉన్నాడు.

మరోసారి పాడిద్దామంటే నాన్న ఆ గదికి తాళం వేశాడు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మీటలన్నీ నొక్కి చూశాను. నాన్న గొంతు తగ్గిస్తే అమ్మ గొంతూ పోతోంది. నలభయ్యేళ్ళ కాపురం మరి, విడదీయడం నా వల్ల కాలేదు. పోనీ చివరి మాట కోసేద్దామంటే, మంగళం లేని హారతి అశుభమంది అమ్మ. చేసేదిలేక అక్కడ సాఫ్ట్‌వేర్‌లోని తబలా హోరు కలిపి నాన్నను దాని కింద దాచాను. తోటలో కోతుల్ని తోలే గొంతు, దాగితే కదా.

ఫంక్షన్లో నా ఫోనును పెద్ద స్పీకరుకు తగిలించారు. పాట మొదలవగానే ఆడవాళ్ళంతా మాటలు ఆపేశారు. ఎవరిదే ఈ గొంతని ఒకరినొకరు అడుగుతున్నారు. అమ్మ సిగ్గుతో తలెత్తలేదు. నేను మాత్రం లోపల దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్నాను. చివరికి రానే వచ్చింది. తబలాను చీల్చుకుని నాన్న "ఆర్పవే!" అన్నాడు. పళ్ళెం పట్టుకున్న పిన్ని కోడలు అదిరిపడి, పాపం, చెప్పినట్టే కర్పూరం ఉఫ్‌మని ఊదేసింది.

నవ్వబోయిన వాళ్ళు కూడా ఆగిపోయారు. శుభమా అని హారతి పడుతుంటే ఊదేయడమా? కుర్చీలో కూర్చున్న పిల్ల ముఖం చిన్నబోయింది. నేను ఏ మూల దాక్కోవాలా అని చూస్తున్నాను. అంతలో అమ్మ లేచి, కోడలి చేతిలోంచి పళ్ళెం తీసుకుని మళ్ళీ వెలిగించింది. ఎవరినీ అడక్కుండా పాట మొదటి నుంచి ఎత్తుకుంది. పిన్ని స్పీకరు వైరు తనే పీకేసింది. మంగళం దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళంతా గొంతు కలిపారు, పిల్ల నవ్వింది.

"దీని పెళ్ళికీ నువ్వే పాడాలక్కా" అంది పిన్ని, కళ్ళొత్తుకుంటూ.

"చూద్దాంలే" అంది అమ్మ, సంతోషం దాచుకోవడం చేతకాక.