నూనె అంటని చేతికి ఒక బర్గర్

బర్గర్‌లో రొట్టె ఎందుకు ఉంటుంది? రుచి కోసమని, కడుపు నిండటానికని వెంటనే చెప్పేయకండి. ఒక్క నిమిషం ఆలోచించండి. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా, ఇలాంటి తిండి మన వంటింట్లోకి రాకూడదని కాలేజీ చర్చా పోటీలో వాదించి మొదటి బహుమతి తెచ్చుకున్నాను. మైదాపిండి మీద, అందులోని పిండిపదార్థం మీద నా దగ్గర గట్టి వాదనలే ఉన్నాయి. కానీ ఆ రొట్టె అక్కడ ఏ పని చేస్తోందన్న ప్రశ్న నాకు తట్టలేదు. దానికి జవాబు మా అమ్మ వల్ల తెలిసింది.

మాది పొందూరు. అమ్మ రాట్నం మీద సన్న నూలు వడుకుతుంది. కుడిచెయ్యి చక్రాన్ని తిప్పుతుంటే ఎడమచేతి వేళ్ల మధ్య దువ్విన పత్తి ఏకులోంచి దారం సాగుతుంది. ఆ దారం ఎంత సన్నమంటే, అలవాటు లేనివారికి అక్కడ ఏదో ఉందని కూడా కనిపించదు. అమ్మకు మాత్రం పాతికేళ్లకు పైగా కనిపిస్తూనే వచ్చింది. నేను కాలేజీలో చేరిన ఏడాది అది కనిపించడం తగ్గింది. ఎడమకంట్లో శుక్లం ముదిరిందని, కుడికంట్లో మొదలైందని శ్రీకాకుళంలో కంటి డాక్టరు చెప్పారు. ఆపరేషన్ చిన్నదేనట. కాని ఒంట్లో షుగర్ అంత ఎక్కువగా ఉండగా కన్ను ముట్టుకోనన్నారు. మూడు నెలల తేడాతో రెండుసార్లు వెళ్లాం. రెండుసార్లూ రక్తపరీక్ష కాగితం చూసి మమ్మల్ని వెనక్కి పంపారు.

రెండోసారి తిరిగి వచ్చాక, తనతోపాటు నూలు వడికే ఆవిడ ఒకరు, ముతక నూలుకు మారిపోతే కళ్లకు శ్రమ ఉండదు కదా అని అమ్మకు సలహా ఇచ్చారు. ఆవిడ మంచికే చెప్పారు. సన్న నూలే తన పనితనమనుకునే అమ్మ ఆ సాయంత్రం రాట్నం ముట్టుకోలేదు.

నేను మాత్రం మాటలు మొదలుపెట్టాను. నాకు వచ్చిన విద్య అదే కదా. డాక్టరు చెప్పిన మాటలన్నీ ఒక అట్టమీద రాసి వంటింటి గోడకు తగిలించాను. అన్నం తగ్గించాలి, గుడ్డు, చేప, ఆకుకూర పెంచాలి, గంజన్నం పూర్తిగా మానాలి. ప్రతి అంశానికీ కారణం చెప్పి, ఎదురు ప్రశ్న వస్తుందేమోనని ఆగి, రాకపోతే గెలిచాననుకుని ముందుకు సాగేదాన్ని. అమ్మ శ్రద్ధగా వినేది, తల ఊపేది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ చెంబుడు గంజన్నం తాగేది. మాత్రలు మాత్రం తప్పకుండా వేసుకునేది. ఇది మొండితనమని నేను తీర్మానించుకున్నాను. ఆ తీర్మానం ఎంత తొందరపాటుదో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఒక సెలవురోజు మధ్యాహ్నం చదువుకుంటూ ఆమె పక్కనే కూర్చున్నాను. భోజనం వేళయింది. అమ్మ చక్రం ఆపి, ఎడమచేతిలోని ఏకును అలాగే పట్టుకుని, కుడిచేత్తో చెంబెత్తి గంజన్నం గడగడా తాగి, మళ్లీ చక్రం మీద చెయ్యి వేసింది. నాకు పట్టుమని ఒక పేజీ కూడా పూర్తికాలేదు. అప్పుడు మొదటిసారిగా, వాదించడానికి కాకుండా, తెలుసుకోవడానికి అడిగాను: పొద్దున వండిన గుడ్డుకూర అలాగే ఉంది, ఎందుకు తినలేదని.

"ఏటి సెయ్యమంటావే? కూర తింటే సెయ్యంతా నూనె, పసుపు. కడుక్కుంటే రెండు సేతులూ తడి. తడి సేత్తో ముట్టుకుంటే ఏకు అంటుకుపోతాది. సెయ్యి ఆరేదాకా గోడకేసి సూస్తా కూకోనా?"

చెంచాతో తినవచ్చు కదా అన్నాను. తెచ్చి ఇచ్చాను కూడా. రెండు రోజులు తిన్నది. మూడో రోజు, దాంతో తింటే మందు తాగినట్టుందే గాని అన్నం తిన్నట్టు లేదని పక్కన పెట్టేసింది. అదీ నిజమే. చేత్తో తినే అలవాటు అమ్మకు పుట్టినప్పటినుంచీ ఉంది. గోడమీది నా అట్ట వయసు నెల కూడా లేదు.

చర్చా పోటీ బహుమతి వచ్చింది ఆ వారంలోనే. నన్ను ఏడిపించడం కోసమే స్నేహితురాళ్లు శ్రీకాకుళం బస్టాండు దగ్గరి బేకరీకి తీసుకెళ్లి, నేను ఓడించానన్న బర్గర్‌నే నా చేతిలో పెట్టారు. తింటూ నా చెయ్యి చూసుకున్నాను. లోపల మసాలా, నూనె, ఉల్లిపాయ, సాస్ అన్నీ ఉన్నాయి. వేళ్లకు ఒక్కటీ అంటలేదు. రొట్టె అన్నిటినీ ఆపింది. రొట్టె చుట్టూ ఉన్న కాగితం రొట్టెను కూడా ఆపింది. అంటే అది తిండి మాత్రమే కాదు, పట్టుకునే పిడి కూడా. ఆ మైదా పిడిని తీసేసి, అమ్మ ఒంటికి సరిపడే మరో పిడి పెట్టగలిగితే?

ఫోనులో వెతికితే మైదా లేని బర్గర్ల వీడియోలు బోలెడన్ని వచ్చాయి. అందులో వాళ్లు వాడే బాదం పిండి, చీజు మా ఇంటికి అందే వస్తువులు కావు. మొదట క్యాబేజీ ఆకులో చుట్టి ఇచ్చాను. నీరు కారి మోచేతిదాకా వచ్చింది. వంకాయను చక్రాలుగా కోసి వేయించాను. వంకాయ పెనం మీది నూనెనంతా తాగేసి అమ్మ వేళ్లకు అప్పజెప్పింది. ఆమ్లెట్ మడత కూడా అంతే. ఏది చేసినా అరటాకులో చుట్టి ఇవ్వబోతే, అరటి కర తెల్లనూలుకు అంటితే ఏం చేసినా పోదని ఆకునే దూరంగా పెట్టింది. పాడైనవన్నీ నేనే తిన్నాను. నాలుగో రోజున అమ్మకు నవ్వాగలేదు.

"నూనె లేని తిండి కావాలంటే తెలకపిండి ఎట్టవే. గేదె తిన్నట్టు తింటాను."

అది ఎగతాళి. కాని నేను పెనం దించి ఆ మాటనే పట్టుకున్నాను. తెలకపిండి అంటే నువ్వులు గానుగాడి నూనె పిండేశాక మిగిలే పిండి. నూనె చాలావరకు పోయింది, పిండిపదార్థం బియ్యంలోకన్నా చాలా తక్కువ. గేదెలే కాదు, మనుషులూ తింటారు. బాలింతలకు పాలు పడటానికి కూర వండి పెడతారు. ఆ సంగతి గుర్తుచేస్తే అమ్మ ఇంకా నవ్వింది.

"ఇప్పుడు నాకు పాలు పడాలేటే? పక్కింటోళ్లు ఇంటే ఏటనుకుంటారు?"

మర్నాడు గానుగ దగ్గరికి వెళ్లి మనుషులు తినే రకం తాజా తెలకపిండి తెచ్చాను. జల్లించి, వేడినీళ్లు చిలకరించి కాసేపు ఉంచి, గుడ్లలోని తెల్లసొన, వేయించి దంచిన అవిసె గింజల పొడి, వాము, ఉప్పు కలిపాను. ఇడ్లీ ప్లేట్లలో పోసి ఆవిరి పట్టాను. రెండు ఇడ్లీలను ఎదురెదురుగా పెడితే అచ్చం బర్గర్ ఆకారమే. ఆవిరి తడి పోయేదాకా వాటిని చుక్క నూనె లేని పెనం మీద రెండువైపులా కాల్చాను. మధ్యలోకి చేప. సముద్రం ఒడ్డు నుంచి పొద్దున బస్సులో తట్టతో వచ్చే ఆవిడ, ముళ్లు తక్కువ ఉండే చేప ఏరి ఇచ్చింది. ఎందుకో తెలుసుకున్నాక ముళ్లు ఎలా తీయాలో గుమ్మంలో కూర్చుని చూపించింది కూడా. ఉడికించి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, మిరియాల పొడితో బిళ్లగా ఒత్తి కాల్చాను. పసుపు వేయలేదు. ఇక కాగితం. బేకరీ యజమానిని అడిగితే ఆయన ఏమీ తీసుకోకుండా ఒక కట్ట ఇచ్చి, మీ అమ్మగారు బాగా తినాలని మాత్రం అన్నారు.

నూలు దగ్గర చేప వాసన ఏమిటని అమ్మ తిట్టుకుంటుందేమోనని భయపడ్డాను. ఆమె కాగితం పొట్లాన్ని కుడిచేత్తో పట్టుకుని వాసన చూసింది.

"వాలుగ సేప దవడతోనే కదే పత్తి దువ్వుతాం. సేప పత్తికి కొత్తేటి?"

తినేసింది. కాస్త చేదుందంది, రేపు వాము తగ్గించమంది. కాగితం మడిచి పక్కన పెట్టి, కుడిచేతి వేళ్లను ఒకదానితో ఒకటి రుద్ది చూసుకుంది. పొడిగా ఉన్నాయి. చక్రం మీద చెయ్యి వేసింది. పోటీల్లో నాకు చాలా చప్పట్లు దొరికాయి. ఆ చక్రం మళ్లీ తిరిగిన శబ్దానికి కలిగిన సంతోషం వాటికి కలగలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలపాటు మధ్యాహ్నాలు అదే భోజనం. కొన్నాళ్లు చేప, కొన్నాళ్లు కోడిగుడ్డు, ఒక్కోసారి పాలకూరతో పనీర్. విసుగొచ్చిన రోజు ఆమె గంజన్నమే తాగింది. నేను అట్ట చూపించలేదు, దాన్ని అప్పటికే తీసేశాను. నిజాయితీగా ఒకటి చెప్పాలి: షుగర్ తగ్గడానికి ఆ బర్గర్ ఒక్కటే కారణమని నేను వాదించను. డాక్టరు మాత్రలు మార్చారు. సాయంత్రాలు అమ్మ రైల్వే స్టేషన్ వైపు నడవడం మొదలుపెట్టింది. దేని వాటా ఎంతో నాకు తెలియదు. తెలిసిందల్లా, మూడోసారి వెళ్లినప్పుడు డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి, వెనక్కి వెళ్లమనలేదు. నర్సును పిలిచి మంచం సిద్ధం చేయమన్నారు.

ఆపరేషన్ అయి ఎడమకంటి కట్టు విప్పిన నాడు అమ్మ ముందుగా నా ముఖం చూసి, బాగా నల్లబడ్డావే అంది. డాక్టరు అనుమతించాక రాట్నం ముందు కూర్చుంది. కదురు మొన దగ్గర దారం తెగితే, ఇదివరకటిలా నన్ను పిలవకుండా తనే కలుపుకుంది. ముతక నూలు మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు.

చేప ఏరి ఇచ్చిన ఆవిడకు, కాగితాలిచ్చిన బేకరీ యజమానికి, రెండుసార్లు వెనక్కి పంపి కన్ను కాపాడిన డాక్టరుకు నేను రుణపడి ఉన్నాను. అందరికన్నా ఎక్కువగా, నా ఉపన్యాసాలన్నీ విని కూడా నన్ను వంటింట్లోంచి తరిమెయ్యని అమ్మకు.

చదివినవారిని ఒక్కటి కోరుతున్నాను. షుగర్ ఉన్న మనిషి మీ ఇంట్లో ఉంటే, రేపు వారు పనిలో ఉండగా భోజనం వేళకు పక్కన కూర్చోండి. సలహా ఇవ్వకండి. వారి చేతులు ఏ పనిలో ఉన్నాయో, తినడానికి ఎంతసేపు దొరుకుతుందో చూడండి. చూశాక ఆ చేతులకు వీలయ్యేది ఒకటి వండి పెట్టండి. అది కుదరకపోతే మీరు తినేసి, ఎల్లుండి ఇంకొకటి వండండి.