జున్నుకు ఇంగ్లీష్‌ల ఏమంటరు

ముందే చెప్పి పెడుతున్న, తర్వాత నాతోని లొల్లి పెట్టుకోవద్దు. నేను పెంచి చెప్తా. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పుడు నాకు చిన్నప్పటి నుంచి చేతగాదు. మా ఇంట్ల పిల్లి పాలు తాగితే, నేను బడికి పోయేసరికి అది చిరుతపులి అయ్యేది. సాయంత్రం బడి విడిచేసరికి ఆ చిరుతపులి వీపు నిమిరి పాలు పోసి పంపినోన్ని నేనే. మా ఆవిడ ఇరవై ఏండ్లు నాతోని కాపురం చేసి ఒక సూత్రం కనిపెట్టింది. నేను చెప్పిందాన్ని నాలుగుతోని భాగిస్తే నిజం వస్తదట. మీరు గూడ గట్లనే భాగించుకుంట చదవండ్రి, నాకేం ఫికర్ లేదు.

మాది యాకుత్‌పురా రైలు స్టేషన్ వెనుక గల్లీ. అది ఎంత సన్నగుంటదంటే, ఇద్దరు లావుపాటి మనుషులు ఎదురైతే ఒకరు ఎవరింట్లకన్న దూరి, చాయ్ తాగి, ఎదుటాయన దాటిపోయినంక బయటికి రావాలె. గట్ల తాగిన చాయ్‌లతోని మా గల్లీల రెండు పెండ్లిల్లు గూడ కుదిరినయి. ఆ గల్లీ కొసకు, మా ఇంటి వెనుక గోడకు ఆనుకొని, మా మేనత్త బర్రెల కొట్టం. నా చిన్నప్పుడు అందుల తొమ్మిది బర్రెలు. అందుల ఒకటి కూసుంటే గల్లీ బంద్. అది లేచి ఒళ్లు దులుపుకుంటే, రైలొచ్చిందనుకొని జనం ప్లాట్‌ఫారం మీదికి ఉరికేటోళ్లు.

మామ పొద్దున్నే సైకిల్ మీద పాలు పోయనీకి పోయేటోడు. కొట్టంల రాజ్యం అంత అత్తది. ఆమెకు సదువు రాదు గానీ, ఏ బర్రె ఏ వారం ఈనుతదో దాని నడుము చూసి చెప్పేది. బర్రె ఈనినంక వచ్చే మొదటి పాలు, ముర్రుపాలు, అవిటికి ఆమె ఇంట్ల ఒక రివాజు ఉండె. ముందుగాల దుడ్డె కడుపు నిండాలె. మిగిలినవి బెల్లం, మిరియాలు, ఇలాచి వేసి, ఆవిరి మీద పెట్టి జున్ను చేసి పంచాలె. అమ్మొద్దు. మామూలు పాల మీద చుక్క తక్కువైతే పంచాయితీ పెట్టే మనిషి, ముర్రుపాలు మాత్రం అడిగినోనికి అడిగినంత పోసేది. వాళ్ల అత్త ఆమెకు చెప్పిన మాట ఒక్కటే: జున్ను వండిన దినం కొట్టం గడప దాకా వచ్చినోళ్లు ఉత్త చేతులతోని మళ్లొద్దు.

మా గల్లీ జున్ను పండుగ పుట్టింది ఆ మాటకెల్లే. ఒక వానకాలం మూడు బర్రెలు రెండు దినాలల్ల ఈనినయి. (పెండ్లిల్లల్ల చెప్పేటప్పుడు ఏడు అంటా.) ఇంట్ల ఎన్ని గంజులుంటే అన్నిట్ల జున్నే. చాలక మా అమ్మ బగోనెలు, పక్కింటి ఖాలా దేక్చీలు గూడ తెచ్చి వండిండ్రు. గల్లీ అంత మూడు దినాలు జున్ను తిన్నది. మూడో నాడు పొద్దుగాల అత్త గిన్నె పట్టుకొని బయటికొస్తే, ఆమెను చూసి మనుషులు తలుపులేసుకున్నరు. కానీ మల్లా వానలు పడంగనే అదే మనుషులు వచ్చి, జున్ను ఎప్పుడని మెల్లగ అడుగుడు మొదలువెట్టిండ్రు. ఇగ అత్త ఒక లెక్క చెప్పింది. వానకాలంల మొదటి బర్రె ఈనినంక వచ్చే ఐతారం జున్ను పండుగ. పంతులు లేడు, ముహూర్తం లేదు. ఆ పండుగ తారీఖు పంచాంగంల ఉండదు, బర్రె కడుపుల ఉంటది.

ఇప్పుడు సారు సంగతి. మా ఇంటి మీది అంతస్తుల కిరాయికి ఉండేటాయన. గోదావరి దిక్కు నుంచి బదిలీ మీద వచ్చి, ఆరు నెలలల్ల వెళ్లిపోతామండీ అని మా బాపుతోని చెప్పి, రిటైరై గూడ ఇంకా మీదనే ఉన్నడు. గల్లీల అర్జీలన్నీ ఆయనే రాసేది. ఆయన ఇంగ్లీష్ అర్జీ చదివితే ఆఫీసర్లు కుర్సీలకెల్లి లేచి నిలబడేటోళ్లు. జనం పెరిగినంక గల్లీల షామియానా వేయాలె, దానికి పర్మిషన్ కావాలె, అర్జీ ఇంగ్లీష్‌ల ఉంటే పని తొందరగ అయితదని అందరం మీదికి పోయినం. సారు కలం తీసిండు, అక్కడ ఆగిండు. జున్నుకు ఇంగ్లీష్‌ల ఏమంటరు?

మన బడి పుస్తకాలల్ల చదివినోళ్లకు ఎరుకే. చీజ్ అంటే జున్ను అని పక్కన అచ్చు వేసి ఉండేది. ఆ పుస్తకం పుణ్యాన నేను గూడ చాన ఏండ్లు, ఇంగ్లీష్ కథలల్ల ఎలుకలు ఇలాచి వేసిన జున్ను తింటయని, అంత మంచిగ బతికే ఎలుకలు మన యాకుత్‌పురాల ఎందుకు లేవని బాధ పడ్డ. సారు గూడ ఆ పుస్తకం చదివినోడే. చీజ్ ఫెస్టివల్ అని రాసిండు. పర్మిషన్ రెండు దినాలల్ల వచ్చింది. అదే మాటను బ్యానర్ మీద గూడ రాయిద్దామన్నరు. ధూల్‌పేట్‌ల వినాయకుల కండ్లు దిద్దే పెయింటర్‌కు ఇచ్చినం. ఆయన చెయ్యి కండ్లకు అలవాటు పడ్డది గదా, బ్యానర్ మీద బర్రెకు గూడ కలువరేకుల కండ్లు పెట్టిండు. ఆ కండ్లు చూసి ఇద్దరు ముసలోళ్లు దండం పెట్టుకున్నరు. బర్రె పక్కన, సారు చెప్పిన గుర్తుల ప్రకారం, పసుపుపచ్చగ ఒక మూడు మూలల ముక్క, దాని నిండ బొక్కలు.

అత్త బ్యానర్ కింద నిలబడి చాన సేపు చూసింది.

"సారూ, బర్రె మంచిగున్నది. పక్కన ఈ బొక్కల ఇటుక ఏంది?"

"అది చీజ్ అండీ అక్కగారూ. ఇంగ్లీషు వాళ్ల జున్ను."

"వాళ్ల జున్నుకు బొక్కలెందుకు పడ్డయి? పాలల్ల నీళ్లు కలిపిండ్రా?"

ఇంగ్లీషు వాళ్లకే అర్జీ రాసి అడుగుతానండీ అని సారు మెట్లెక్కిండు.

ఫోన్లు వచ్చినంక ఎవలో ఆ బ్యానర్ ఫోటో తీసి పెట్టిండ్రు. ఆ ఏడు నది అవతలి కొత్త సిటీ నుంచి పిలగాండ్లు, ఆడపిల్లలు గుంపులు గుంపులుగ వచ్చిండ్రు. ఓల్డ్ సిటీల చీజ్ ఫెస్టివల్ అట. మూడు కార్లు గల్లీ మొగదాల ఇరుక్కున్నయి, అందుల ఒకటి ఇంకా అక్కడనే ఉన్నదని నా అనుమానం. ఒక అమ్మాయి అత్తను, ఎన్ని వెరైటీలు ఉన్నయి ఆంటీ అని ఇంగ్లీష్‌ల అడిగింది. నేను అత్తకు తెలుగుల చెప్పిన. అత్త కొట్టం దిక్కు చెయ్యి చూపెట్టి (అప్పటికి నాలుగు బర్రెలుండె), నాలుగు వెరైటీలు అన్నది. ఆ పిల్ల మోదుగాకు దొప్పల జున్ను తిని, చీజ్ ఎక్కడ అని మల్లా అడగలే. ఇంకో దొప్ప అడిగింది. తర్వాతి ఏడు పదిమందిని వెంటబెట్టుకొని వచ్చింది.

సారుకు తన తప్పు అప్పుడు తెలిసింది. పాపం, మనిషి రెండు దినాలు మెట్లు దిగలే. బ్యానర్ దిద్దిస్తనన్నడు. అత్త ఒప్పుకోలే. పేరు ఏదుంటే ఏంది సారూ, వచ్చినోళ్లు తిని పోతున్నరు గద అన్నది. గట్ల మాది ఇంగ్లీష్‌ల చీజ్ పండుగ, తెలుగుల జున్ను పండుగ అయి, రెండు పేర్లతోని నడిచింది.

జనం పెరుగుకుంట పోయిండ్రు, బర్రెలు తగ్గుకుంట వచ్చినయి. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినయి. పెండ వాసన వస్తదని మీది బాల్కనీల నుంచి కంప్లెయింట్లు. పచ్చిగడ్డి ఆటో గల్లీల దూరుడు బంద్ అయింది. మామ పోయిండు. నాలుగు బర్రెలు రెండైనయి, పోయినేడుకు ఒక్కటి మిగిలింది. ఫలక్‌నుమాల ఉండే కూతురు ఇంటికి రమ్మని ఫోన్ల మీద ఫోన్లు. అత్త, వానలు పోనియ్యి బిడ్డా అని దాటేసేది. ఒక దినం నేను కొట్టంల కూసుంటే, బర్రె గంగడోలు నిమురుకుంట నిమ్మళంగ చెప్పింది.

"ఈసారి వచ్చినోళ్లందరికి జున్ను అందితే, బర్రె ఉంటది, నేనుంట. ఒక్కరు ఉత్త చేతులతోని మళ్లినా బర్రెను తోలేసి బిడ్డ కాడికి పోత రా. మా అత్త మాట నా చేతుల తప్పొద్దు. తప్పేదుంటే ముందుగాలనే బంద్ జేసుకుంట."

నేను ఆమె మొకం దిక్కు చూడలే. నా పిల్లలకు ఆడుకోనీకి ఆ కొట్టమే ఉండె. నాకు పంతొమ్మిదేండ్లప్పుడు మా బాపుతోని కొట్లాడి దాక్కున్నది ఆ గడ్డి మీదనే. అత్త ఫలక్‌నుమాల మూడో అంతస్తు కిటికీల కూసొని కిందికి చూసుడు నేను ఊహించలేకపోయిన. అన్నీ పెంచి ఊహించేటోన్ని, అది ఒక్కటి చేతగాలే.

శుక్రారం బర్రె ఈనింది. ఆడ దుడ్డె. దుడ్డె తాగినంక మిగిలినయి ఒక బగోనెడు పాలు. బయట కొన్న మామూలు పాలు కలిపి, అత్త లెక్కకు రెండు గంజుల జున్ను. ఐతారం వచ్చేటోళ్లు నా లెక్కకు ఎనిమిది వందల మంది. సరే, మీరు భాగిస్తరు గద, రెండు వందలు. అయినా రెండు గంజులు ఎట్ల సరిపోతయి?

శనారం మధ్యాహ్నం నేను, సారు బేగంబజార్ పోయినం. అక్కడ జున్ను పొడి దొరుకుతది. మామూలు పాలల్ల కలిపి ఆవిరికి పెడితే జున్ను లెక్కనే గడ్డ కడతది. దుకాణంల సారు పొట్లాలను సంచి అడుగుకు తోసి, మీద తువ్వాల కప్పిండు. సర్వీసంతా ఒక తప్పు సంతకం పెట్టని మనిషి.

"అక్కగారికి తెలిస్తే మళ్లీ నా మొహం చూడరండీ," అన్నడు.

"నా మొకం చూస్తదా సారూ?" అన్న నేను.

ఐతారం పొద్దున మీది అంతస్తుల సారు, వాళ్లావిడ పొయ్యి మీద పొయ్యి వెలిగించి నాలుగు బగోనెలు వండిండ్రు. మిరియాలు ఎక్కువ, ఇలాచి ఎక్కువ, పొడి వాసన రాకుండ. కింద అత్త కొట్టం గడపల పీట వేసుకొని దొప్పలు నింపుతున్నది. గంజు సగమైతే, సల్లారింది అత్తా వేడి జేసి తెస్త అని నేను లోపటికి పట్టుకపోయేది, మీదికెల్లి దిగిన బగోనె అందుల వంచేది, నిండ తెచ్చి పెట్టేది. మొదటిసారి ఆమె చూడలే. రెండోసారి చూసి, ఇంక ఇంత ఉన్నదా అన్నది. నాలుగోసారి గంటె పక్కన పెట్టింది. గంజు దిక్కు చూసింది, బయట వరుస దిక్కు చూసింది. పక్కన కూసున్న ఖాలా, "బర్కత్ హై ఆపా, తీసినకొద్ది నిండుతున్నది," అన్నది. అత్త గంజు అంచు ముట్టి చేతులు కండ్లకు అద్దుకున్నది.

"అమ్మవారు తల్లి చూసింది రా," అన్నది నాతోని. "మా అత్త గూడ చూసింది."

ఆ దినం ఒక్కరు గూడ ఉత్త చేతులతోని పోలే. పొద్దుగూకినంక అత్త కూతురికి ఫోన్ చేసి, నేను రాను బిడ్డా, నువ్వే రా, జున్ను మిగిలింది అని చెప్పింది.

మరునాడు పొద్దుగాల నేను ఆగలేక కొట్టంలకు పోయిన. ఆమె తవుడు కలుపుతున్నది. అంతా చెప్పిన. పొడి, బేగంబజార్, సారు పొయ్యిలు, నేను వేడి జేసిన అబద్ధం, అన్నీ. ఆమె తవుడు చేతులతోనే నా నెత్తి మీద ఒక్కటి ఇచ్చి, కడుపు పట్టుకొని నవ్వింది. "నలభై ఏండ్ల సంది జున్ను వండుతున్న, పొడి వాసన నాకు తెల్వదా రా పిచ్చోడా," అన్నది. "నా కోసం ఇంత జేస్తివి, అదే బర్కత్."

పైన చెప్పినవన్నీ పెంచినవే గానీ, పుట్టించినవి కావు. నేను పుట్టించింది ఈ ఒక్క పొద్దుగాల సంగతే. అత్త నవ్వలే. నన్ను పిచ్చోడా అన్లే. ఎందుకంటే నేను చెప్పలే. మరునాడు కొట్టం దాకా పోయిన మాట నిజమే. ఆమె బర్రెతోని, నిన్న తల్లి ఎట్ల చూసిందో చెప్పుకుంట తవుడు కలుపుతున్నది. నేను గడప కాడికెల్లే వాపస్ వచ్చిన.

మల్లా వానలు పడ్డయి. బర్రె నడుము చూసి, వచ్చే వారం అంటున్నది అత్త. ఈసారి బ్యానర్ ఇంకా పెద్దది రాయించమని సారుకు కబురు పంపింది. నన్ను పిలిచి, ఈసారి నువ్వు గంజు వేడి జేసుడు వద్దు, నా పక్కనే కూసో, గంజు అక్కడికెల్లి కదలొద్దు అన్నది. ఎందుకత్తా అంటే, తల్లి చేసేది నీకు గూడ కండ్లారా చూపియ్యాలె గద అన్నది. సారు మల్లా మెట్లు దిగుడు బంద్ చేసిండు.

నేను రాసినవన్నీ అత్తకు నేనే చదివి వినిపిస్త. మొన్నటి నుంచి అడుగుతున్నది, జున్ను మీద ఏమో రాస్తున్నవట గద, ఎప్పుడు చదువుతవు అని. ఐతారం గంజు కదలకపోతే నిండదు, అంతకంటే ముందే చదవాలె. ఆమె నవ్విన కాడ కాయితం మడిచిపెడితే, నేను గడప కాడికెల్లే వాపస్ వచ్చింది ఆమెకు ఎప్పటికీ తెల్వదు. కానీ పొడి సంగతి అంతకంటే ముందే వస్తది, పైంగ ఆమె నవ్వలే గద. ఆ ముక్క చదువుతుంటే, నేనెప్పుడు నవ్విన రా అని అడుగుతది.