పల్లవి దగ్గర ఆగిపోయే గొంతు

ఈ నెల మొదటి మంగళవారం పొద్దున మా వయొలిన్ సార్ పోయారు. ఫోనొచ్చేసరికి నేను ఫిల్మ్ నగర్‌లో ఓ సినిమాకి కోరస్ పాడుతున్నాను. మిగిలిన రెండు లైన్లూ పాడేసి మరీ యూసుఫ్‌గూడలో సార్ ఇంటికి వెళ్లాను. ఎందుకు పాడానో ఇప్పటికీ అర్థం కాదు. నా మీద నాకే కోపం.

నాకు స్వరాలు నేర్పింది ఆయనే. సినిమా ఆర్కెస్ట్రాలో ముప్పయ్యేళ్లు వెనక వరసలో వాయించిన మనిషి. డిసెంబరు చివరి ఆదివారం శిష్యులందరినీ ఇంటికి పిలిచి, చాయ్ ఇచ్చి, ఒక్కొక్కరినీ అడిగేవారు: "వచ్చే ఏడాది సంగీతంల ఏం జేస్తవ్?" ఒక్కటే చెప్పాలి. అదీ మన చేతిలో ఉన్నదే చెప్పాలి. డెబ్బై దాటినా తనదీ చెప్పేవారు. కిందటిసారి తబలా నేర్చుకుంటానన్నారు! ఈ వయసులో ఎందుకు సార్ అంటే, "ముప్పై ఏండ్లు పక్కన కూసున్నోడు ఏం జేసిండో జర తెల్వాలె గదా" అన్నారు.

నేనేమో సినిమాలో సోలో పాడతానన్నాను.

"గది మ్యూజిక్ డైరెక్టర్ చేతిల ఉన్నది బిడ్డా. నీ చేతిలున్నది చెప్పు" అని, ఏదైనా ఒక పాట పాడమన్నారు. పల్లవి పాడి ఆగాను.

"ఆగినవేంది?"

ఏమో! స్టూడియోలోలాగా హెడ్‌ఫోన్లో ఎవరో "ఓకే" అంటారని చూస్తున్నాను. పన్నెండేళ్లుగా మైకు ముందు రెండేసి లైన్లు పాడటం, వాళ్లే అతికించుకుంటారులే అని వచ్చేయడం. ఒక పాటని మొదటి నుంచి చివరిదాకా పాడటమే మర్చిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. సార్ మాత్రం ఏదో వింత దొరికినట్టు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "గిదే పెట్టుకో. ఒక్క పాట. ఆగకుండ."

ఏడాదంతా వెళ్లినప్పుడల్లా ఆ పాటే పాడేదాన్ని, ఎక్కడో ఒకచోట ఆగేదాన్ని. ఒక్కసారీ తిట్టలేదు. "ఇయ్యాల యాడ ఆగినవ్? ఆడ ఏమనిపించింది?" అని అడిగి శ్రద్ధగా వినేవారు. ఆయన అలా అడుగుతుంటే నా గొంతు మీద నాకే కుతూహలం పుట్టేది. ఏడాది తిరిగేలోగా వినిపిస్తానని మాటిచ్చాను. వినిపించలేకపోయాను. అదే నా బాధ.

పదకొండో రోజున అమ్మ, అంటే సార్ భార్య, నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని "గా పాట పాడు బిడ్డా. ఆయన ఇనకనే పాయె" అన్నారు.

పల్లవి అయింది. గొంతు ఆగింది. గది నిండా జనం, ఒక్కరూ "ఓకే" అనలేదు. అమ్మ కళ్లు మూసుకుని మోకాలి మీద తాళం వేస్తున్నారు. నేనాగినా ఆ చెయ్యి ఆగలేదు. దాన్నే పట్టుకుని చరణంలోకి వెళ్లాను. తర్వాత రెండో చరణం, మళ్లీ పల్లవి. అక్కడక్కడా శ్రుతి తప్పింది. తప్పితే తప్పనీ.

పాట అయిపోయింది. అమ్మ కళ్లు తెరవలేదు. మోకాలి మీద ఆ చెయ్యి ఇంకా తాళం వేస్తూనే ఉంది.